పక్షుల్ని చూడ్డానికి వెళ్తే ఏ పుస్తకం పట్టుకెళ్ళాలి?

పోయిన ఏడాది సంక్రాంతి సంచికలో, ఇదే గోడ మీద, మా మంగళాజోడి యాత్ర జాబితా అంటించాం. అందులో ఆరో వరుసలో "కర్లూ, సుమారు 300" అని ఉంది. ఆ చేతిరాత నాదే. అది తప్పు. చాలామంది చదివారు. ఇద్దరు ముగ్గురు దాన్ని తమ ప్రాజెక్టు రికార్డులోకి కూడా ఎక్కించుకున్నారని తర్వాత తెలిసింది. ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పాలంటే ఆ రోజు మేం పట్టుకెళ్ళిన పుస్తకం గురించి చెప్పాలి. అందుకే ఈ వ్యాసం.

మంగళాజోడి మన బరంపురానికి మరీ దూరం కాదు. చిలికా సరస్సుకి ఉత్తరపు కొసన, ఖుర్దా జిల్లాలో టాంగీ దగ్గర ఉన్న ఊరు. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడి అమ్మినవాళ్ళే ఇప్పుడు పడవల్లో మనల్ని తిప్పి అవే పక్షుల్ని చూపిస్తున్నారు. వాటికి కాపలా కూడా వాళ్ళే. చిలికా మొత్తం 1981 నుంచీ రామ్‌సార్ జాబితాలో ఉంది. చలికాలంలో అక్కడికి లక్షల్లో పక్షులు దిగుతాయి. మంగళాజోడిలో నీళ్ళు లోతు లేవు, అంతా రెల్లూ బురదానూ. పడవని వెదురుగడతో నెట్టుకుంటూ పోతారు. పక్షులు మాత్రం చాలా దగ్గరగా కనిపిస్తాయి.

మేం ఆరుగురం వెళ్ళాం. చేతిలో ఉన్నది పుస్తక ప్రదర్శనలో కొన్న చిన్న ఫోటోల పుస్తకం. అందంగా ఉంది, నున్నటి కాగితం, ఒక్కో పక్షికి ఒక్కో ఫోటో. బురదలో వందల కొద్దీ బూడిదరంగు పక్షులు నించున్నాయి. కాళ్ళు పొడుగు, ముక్కు పొడుగు, ఆ ముక్కు సగం బురదలోనే ఉంది. పేజీలన్నీ తిరగేశాం. ఆ రంగులో, అంత ముక్కుతో మా పుస్తకంలో కనిపించింది కర్లూ ఒక్కటే. పడవాయన ఒడియాలో ఏదో పేరు చెప్పారు. ఆ పేరు మా పుస్తకంలో లేదు. లేని పేరుకంటే ఉన్న ఫోటోనే నమ్మి కర్లూ అని రాసేసుకున్నాం. తర్వాత గోడకెక్కించాం.

ఈ డిసెంబరులో మా పెద్దనాన్నగారి కుటుంబంతో మళ్ళీ అక్కడికే వెళ్ళాను. ఈసారి పడవ నెట్టినాయన పెద్దాయన, మౌసా అని పిలిచాను. అవే పక్షులు, అదే బురద. "కర్లూలు కదా మౌసా" అన్నాను ధీమాగా. ఆయన నవ్వలేదు. పడవ ఆపి, సీటు కింద పాలిథిన్ కవర్లోంచి ఒక పుస్తకం తీశారు. అట్ట ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్కతో కట్టారు. పేజీల అంచులు తడికి ఉబ్బిపోయి ఉన్నాయి. విషయసూచిక చూడలేదు, వెనక పేర్ల పట్టికా చూడలేదు. పేజీల మధ్య రంగురంగుల దారప్పోగులు పెట్టుకున్నారు, అందులో ఎర్రదారం లాగి నేరుగా ఆ పేజీ తెరిచారు. "మా, ఇది చూడు" అన్నారు. (ఒడియాలో పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు.)

ఆ పేజీలో ఒకే పక్షికి మూడు బొమ్మలున్నాయి. ఒకటి ఇటుక ఎరుపు. ఒకటి బూడిదరంగు. ఒకటి ఎగురుతున్నది, రెక్క మీద తెల్లటి పట్టీ, తోక చివర నల్లరంగు. నల్లతోక గాడ్‌విట్. ఇంకాసేపటికి గుంపులో సగం లేచింది. లేచిన ప్రతిదానికీ రెక్క మీద ఆ తెల్ల పట్టీ ఉంది, తోకకి ఆ నలుపు ఉంది. ముక్కు నిటారుగా ఉంది. కర్లూకైతే ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. ఇంటికొచ్చి మా పాత ఫోటోల పుస్తకం మళ్ళీ తీశాను. నల్లతోక గాడ్‌విట్ అందులోనూ ఉంది! కానీ ఇటుక ఎరుపులో. అది వేసవిలో ఉత్తరాన గుడ్లు పెట్టే కాలపు రంగు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు పోయి బూడిదరంగు ఈకలు వస్తాయి. తిరిగి వెళ్ళే ముందు, మార్చి, ఏప్రిల్‌లో, కొన్నిటికి ఎరుపు తిరగడం మొదలవుతుంది. అంటే మా పుస్తకం అబద్ధం చెప్పలేదు. మేం వెళ్ళిన నెల సంగతి చెప్పలేదు, అంతే.

కాబట్టి ప్రయాణానికి పక్షుల పుస్తకం కొనేటప్పుడు ఎన్ని పక్షులున్నాయి అని కాదు, ఒక్కో పక్షికి ఎన్ని బొమ్మలున్నాయి అని ముందు చూడాలంటాను. మగ, ఆడ, పిల్ల, వేసవి, చలికాలం, కూర్చున్నది, ఎగిరేది. బాతుల్లో మగవాటిని ఎవరైనా గుర్తుపడతారు. ఆడ బాతులన్నీ ఒకే మచ్చల చీర కట్టుకున్నట్టుంటాయి. వాటి బొమ్మలు లేని పుస్తకంతో చిలికాకి వెళ్తే సగం పక్షులకి పేరే ఉండదు.

దుకాణంలో నిలబడి పుస్తకాన్ని పరీక్షించడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మనకి బాగా తెలిసిన పక్షిని అందులో వెతకాలి. తెలియనిదాన్ని వెతికితే పుస్తకం ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది. తెలిసినదాన్ని వెతికితే పుస్తకం గుట్టు బయటపడుతుంది. దీనికి గుడ్డికొంగని మించింది లేదు. మన చెరువుగట్ల మీద, పొలాల్లో, మురిక్కాలవల పక్కన కూడా కదలకుండా కూర్చుంటుందే, అది. కూర్చున్నప్పుడు మట్టిరంగు, గీతలు గీతలు, పక్కనే ఉన్నా కనపడదు. లేచిందా, రెక్కలు తెల్లగా మెరుస్తాయి. ఇదెక్కడి పక్షిరా అనిపిస్తుంది. వానాకాలంలో గూడు కట్టే రోజుల్లో వీపు ముదురు ఎరుపు తిరుగుతుంది. ఈ మూడు వేషాలూ పక్కపక్కనే చూపించిన పుస్తకం మంచి పుస్తకం. ఒక్క కూర్చున్న బొమ్మే ఉంటే మళ్ళీ అరలో పెట్టేయండి.

తర్వాత తెల్ల కొంగల పేజీ తెరవండి. చిన్న తెల్లకొంగకి ముక్కు నల్లగా, పాదాలు పసుప్పచ్చగా ఉంటాయి. పశువుల వెంట తిరిగే కొంగకి ముక్కే పసుపు. ఇలాంటివన్నీ ఒకే పేజీలో, ఒకే వైపు తిరిగి, పక్కపక్కన ఉండాలి. ఒకటి 20వ పేజీలో, ఒకటి 60వ పేజీలో ఉంటే పడవలో కూర్చుని పేజీలు తిప్పుతూ ఉండగానే పక్షి వెళ్ళిపోతుంది. బొమ్మకి ఎదురు పేజీలోనే వివరణ ఉండడం కూడా అందుకే ముఖ్యం.

ఇక్కడే ఫోటోలా, చిత్రాలా అన్న ప్రశ్న వస్తుంది. నేను మొదట ఫోటోల వైపే. ఫోటో అంటే నిజం కదా అనుకునేదాన్ని. కానీ ఫోటోలో ఉన్నది ఒక పక్షి, ఒక రోజు, ఒక ఎండ. సాయంత్రపు ఎండలో తీస్తే తెల్లకొంగ కూడా బంగారు కొంగే. చిత్రకారుడు అయితే వందల పక్షుల్ని చూసి, అన్నిట్లోనూ కనిపించే గుర్తుల్నే గీస్తాడు. అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ అనే ఆయన 1934లో తన పుస్తకం వేశాడు, అప్పటికి ఆయన వయసు పాతికే. బొమ్మలు ఆయనే గీసుకున్నాడు. పోలిక ఉన్న పక్షుల్ని ఒకే పేజీలో పెట్టి, తేడా ఎక్కడుందో అక్కడ చిన్న బాణం గీత పెట్టాడు. అంతకుముందు పక్షిని కాల్చి చేతిలోకి తీసుకుని పేరు తేల్చేవాళ్ళు ఎక్కువ. ఆ బాణం గీతల వల్ల దూరం నుంచి చూసి పేరు చెప్పడం మామూలు మనుషులకి కూడా వచ్చింది. ఫోటోల పుస్తకం ఇంట్లో చూసుకోవడానికి బాగుంటుంది, చిన్నపిల్లలకి బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది. ప్రయాణానికి మాత్రం నా ఓటు చిత్రాలకే.

ఇక పటాల సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది పుస్తకంలో పక్షి పక్కన ఉండే అగ్గిపెట్టెంత పటం. మా అమ్మమ్మగారి ఊరు టెక్కలి దగ్గర. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది, మీలో చాలామంది శ్రీకాకుళం చుట్టాల ఇళ్ళకి వెళ్ళినప్పుడు చూసే ఉంటారు. చలికాలంలో ఊళ్ళో చింతచెట్ల మీదా తుమ్మచెట్ల మీదా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. చిన్నప్పటినుంచీ నేనూ అదే చెప్పేదాన్ని. అమ్మమ్మ మాత్రం "పురిటికొచ్చిన ఆడపిల్లలే, ఎవరూ రాయి విసరకూడదు" అనేది.

గూడబాతు పటం చూస్తే సైబీరియా దరిదాపుల్లో రంగే లేదు. మచ్చముక్కు గూడబాతు మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియా వైపు ఉండే పక్షి. ఎర్రకాళ్ళ కొంగ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే. ఇక్కడే పుట్టి, చెరువుల్లో చేపల్ని బట్టి అటూ ఇటూ తిరిగి, గూడు కట్టే కాలానికి ఆ చెట్ల మీదికి చేరుతుంది. అసలు ఆలోచించినా తెలిసేది. చలికి తట్టుకోలేక వచ్చే పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు, వాటి గూళ్ళు ఉత్తరానే ఉంటాయి. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని చేస్తోందంటే ఇదే దాని పుట్టిల్లు. అమ్మమ్మ పటం చూడకుండానే సరిగ్గా చెప్పింది. పటం చూసేముందు ఏ రంగు దేనికో పుస్తకం మొదట్లో చదువుకోవాలి, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. ఏడాది పొడుగునా ఉండేది, చలికాలంలో వచ్చేది, గుడ్లు పెట్టడానికి వచ్చేది, దారిలో ఆగి పోయేది, వీటికి వేరువేరు రంగులుంటాయి.

మన తెలుగు శాఖ వాళ్ళకి ఇంకో సరదా సంగతి. కావ్యాల్లో రాత్రయితే విడిపోయి ఏడ్చే చక్రవాకాల జంట ఉంటుంది కదా, అది కవుల కల్పన పక్షి అనుకునేదాన్ని. మంగళాజోడి నీళ్ళలో నారింజరంగు ఒంటితో, లేతరంగు తలతో ఈదుతూ కనిపించిన బాతు అదేనని బొమ్మల పేజీ చూశాకే తెలిసింది. ఇంగ్లీషులో రడ్డీ షెల్‌డక్. దాని పటంలో గుడ్లు పెట్టే రంగు లడఖ్, టిబెట్ వైపు ఉంది, చలికాలపు రంగు మన మీద ఉంది. ఇది మాత్రం నిజంగానే దూరం నుంచి వచ్చిన చుట్టం.

ఏ పుస్తకం అని సూటిగా అడిగేవాళ్ళ కోసం. మన లైబ్రరీలో సలీం అలీ రాసిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' పాత ప్రతి ఉంది. 1941లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మొదటిసారి వేసింది, తర్వాత చాలా ముద్రణలు వచ్చాయి. పక్షి నడక, అరుపు, గూడు గురించి ఆయన రాసింది చదువుతుంటే పక్షి కళ్ళముందు గెంతుతుంది. బయల్దేరే ముందు వారం రోజులు రాత్రిపూట చదవడానికి అంతకంటే మంచిది లేదు. కానీ మన దేశంలో 1300 పైగా రకాల పక్షులున్నాయి, అవన్నీ అందులో లేవు. ఆయనే ఎస్. డిల్లాన్ రిప్లీతో కలిసి రాసిన హ్యాండ్‌బుక్ పది సంపుటాలు. దాన్ని తీసుకెళ్ళాలంటే దానికి వేరే బెర్తు కావాలి.

ప్రయాణానికి నేను చెప్పేది గ్రిమ్మెట్, ఇద్దరు ఇన్‌స్కిప్‌లు కలిసి చేసిన 'బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్'. 1998లో వచ్చిన మొదటి పుస్తకం బల్ల మీద పెట్టుకుని చదివేంత పెద్దది. 2011లో వచ్చిన రెండో ముద్రణ చేతిసంచీలో పడుతుంది. ఎడంపక్క వివరాలు, పటాలు, కుడిపక్క చిత్రాలు. మౌసా దగ్గరున్నదీ అదే. కజ్‌మియర్‌చాక్, వాన్ పెర్లోల పుస్తకం ఇంకా తేలిక, కానీ బొమ్మలు మరీ చిన్నవి, ఒక్కో పేజీలో కిక్కిరిసి ఉంటాయి. రాస్‌ముస్సెన్, ఆండర్టన్‌లది రెండు సంపుటాలు, పక్షి అరుపుల్ని కూడా గీతల పటాలుగా వేశారు. అది చదువుకునేవాళ్ళ పుస్తకం, తిరిగేవాళ్ళది కాదు.

ఒక ప్రాంతానికే రాసిన చిన్న పుస్తకాలుంటాయి. తేలిక, బొమ్మలు తక్కువ కాబట్టి తికమక కూడా తక్కువ. అయితే మనలాంటి ఊరివాళ్ళు అట్ట మీది పేరు చూసి కొనకూడదు. దక్షిణ భారతం అని ఉంటే మన ఊరు అందులో ఉందా? తూర్పు భారతం అని ఉంటే శ్రీకాకుళం అందులో ఉందా? 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, తర్వాత ఒడిశాలో కలిసిన ఊరు మనది. పుస్తకాలు చేసేవాళ్ళకి మనం ఎప్పుడూ పేజీ అంచునే పడతాం. పక్షికి మాత్రం ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారిందని తెలీదు. లోపలి పటం తెరిచి రెండు చోట్లా రంగు ఉందో లేదో చూసుకుని కొనండి.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారని తెలుసు. కార్నెల్ వాళ్ళ మెర్లిన్ యాప్ ఉచితం, నేనూ వాడతాను. మన ప్రాంతపు పక్షుల ప్యాక్ ఇంట్లో ఉండగానే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చెట్ల మధ్య అరుపు వినిపించి పక్షి కనపడనప్పుడు అది నిజంగా ఉపయోగమే. పడవలో ఎండకి తెర కనపడదు, వెయ్యి పక్షులు ఒకేసారి అరుస్తుంటే అదీ మనలాగే తికమకపడుతుంది. పైగా ఫోన్ ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది. పుస్తకం అయితే పక్కనున్న నాలుగు పోలికల్ని కూడా చూపించి, బాగా చూశావా అని అడుగుతుంది.

పేర్ల గొడవ ఒకటుంది. నీలంగా, ఎర్రముక్కుతో రెల్లులో నడిచే నీటికోడిని సలీం అలీ పుస్తకం పర్పుల్ మూర్‌హెన్ అంటుంది. ఇన్‌స్కిప్ పుస్తకం పర్పుల్ స్వాంప్‌హెన్ అంటుంది. యాప్‌లో గ్రే-హెడెడ్ స్వాంప్‌హెన్ అని ఉంది. మా ఆరుగురి జాబితాల్లో అది మూడు పక్షులైంది! అందుకని ఒక ప్రయాణానికి ఒకే పుస్తకం పేర్లు వాడతాం అని ముందే అనుకోవడం మంచిది.

నేనిప్పుడు నా పుస్తకంలో బొమ్మల పక్కన పెన్సిల్‌తో మన పేర్లు రాసుకుంటున్నాను. మౌసా పుస్తకంలో ఒడియా అక్షరాలు చూశాకే ఈ ఆలోచన వచ్చింది. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, బొమ్మని బట్టి తనకి తెలిసిన పేరు కొడుకు చేత రాయించుకున్నారు. మా ఇంట్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా కాబట్టి నాకు రెండు పేర్లూ దొరుకుతున్నాయి. మనం నీటికాకి అనేదాన్ని ఒడియాలో పాణికుఆ అంటారు, అదీ నీటికాకే. నత్తల్ని పగలగొట్టి తినే కొంగ మనకి నత్తగుల్ల కొంగ, వాళ్ళకి గెండాళిఆ. ఇంగ్లీషు పేరు ముక్కు మధ్య సందు చూసి పెట్టారు, ఓపెన్‌బిల్ అని. మన పేరు అది ఏం తింటుందో చెబుతోంది. పడవాయన ఒక పేరు చెబితే ఈసారి నా పుస్తకంలో ఆ పేరు ఉంటుంది, లేకపోతే అక్కడికక్కడే రాసుకుంటాను. మొదటిసారి ఆ పని చేసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

వచ్చే నెల తేలినీలాపురం వెళ్దామనుకుంటున్నాం. నలుగురు కలిసి ఒక పుస్తకం కొంటే ఒక్కొక్కరికీ భారం పడదు. దానికి పాలిథిన్ తొడుగు వేయించాలి. వెళ్ళే ముందు రోజూ పావుగంట మన కాలేజీ ఆవరణలోనే గోరింకలు, పిగిలిపిట్టలు, చిలకలు ఏ పేజీలో ఉన్నాయో చూడకుండా తెరవడం అలవాటు చేసుకుందాం. పుస్తకాలన్నీ దాదాపు ఒకే వరుసలో, కుటుంబాలవారీగా ఉంటాయి. బాతులు ముందువైపు, పిచ్చుకలు వెనకవైపు అని చేతికి తెలియాలి. రావాలనుకునేవాళ్ళు సెకండియర్ క్లాసులో నన్ను అడగండి.

పోయిన ఏటి జాబితా రాసుకున్నవాళ్ళు ఆరో వరుసని ఇలా దిద్దుకోండి: నల్లతోక గాడ్‌విట్, సుమారు 300. ఆ 300 కూడా అందాజుగా వేసిందే, మేం లెక్కపెట్టలేదు.